మడి నిండేదాకా

ఫ్లెక్సీ మీద తొమ్మిది మొహాలున్నాయి. తొమ్మిదీ మగ మొహాలే. మధ్యలో అందరికన్నా పెద్దది వెంకట్రాజుది. మంచినీళ్ళ చెరువు పరిరక్షణ కమిటీ అధ్యక్షులవారు గనక చేతులు జోడించి నవ్వుతున్నారు. అది మేనకోడలి పెళ్ళిలో తీసిన ఫోటో. వెనకాల పెళ్ళివారినందరినీ చెరిపేశారు గానీ, ఎవరిదో చెయ్యి ఒకటి ఆయన భుజం మీద అలాగే మిగిలిపోయింది.

ఆ ఫ్లెక్సీ కింద, ధాన్యం ఆరబెట్టే బరకాల మీద, నలభై మంది ఆడవాళ్ళు కూచున్నారు. ఇవాళ్టికి పదకొండు రోజులు. మే నెలాఖరు ఎండ షామియానా గుడ్డలోంచి దిగి నడినెత్తి మాడుస్తోంది. వాళ్ళ ముందు నాలుగు ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. అవి కమిటీవారివి. కమిటీవారు లేనప్పుడు కూడా వాటిలో ఎవరూ కూచోరు.

"నరసమ్మగారూ," అంది హన్నమ్మ విసనకర్ర విసురుకుంటూ, "మీ ఆయన నవ్వీ నవ్వీ అలిసిపోయారండీ. కాస్త గొడుగు పట్టమంటారా?"

"పట్టు. ఇంట్లో అంత నవ్వు నేనూ చూళ్ళేదు," అంది వెంకటనరసమ్మ.

పక్కనున్నవాళ్ళు కిసుక్కుమన్నారు. నరసమ్మకి యాభై దాటాయి. సొంతం రెండెకరాలున్నా ఊడ్పుల రోజుల్లో ఇంట్లో కూచునే రకం కాదు. పాతికేళ్ళుగా ఆ ఊరి ఊడ్పుల ముఠాకి ఆవిడే మేస్త్రి. హన్నమ్మ ఆవిడకి కుడిపక్క వరసలో నాటుతుంది. పేటలో ఇల్లు. ఆవిడ మనవరాలికి పోయినేటి నుంచీ ఒళ్ళంతా చిడుము. ఆ పిల్లకి నీళ్ళు పోసిన ప్రతిసారీ గోపీచంద్‌ని తిట్టుకుంటుంది.

గోపీచంద్‌వి చేపల చెరువులు. పెదపాడు దాటి కొల్లేటి వైపు దిగితే, కాలవకి చిట్టచివర ఉంటుంది ఈ చినలంకపాడు. ఊరంతటికీ ఒకటే మంచినీళ్ళ చెరువు. పోయినేడు దాని ఉత్తరం గట్టు పక్కన గోపీచంద్ చేపల చెరువు తవ్వాడు. అప్పట్నుంచీ బిందెలో నీళ్ళు కాచినా, వడకట్టినా, చేపల మేత వాసన పోవడం లేదు. ఓపికున్నవాళ్ళు టిన్ను నీళ్ళు కొనుక్కుంటున్నారు. లేనివాళ్ళు ముక్కు మూసుకుని తాగుతున్నారు. ఇప్పుడతను తూర్పువైపు ఎనిమిదెకరాలు కౌలుకి తీసుకుని, అక్కడా తవ్వుతానని పొక్లెయిను తోలాడు.

ఆ పొక్లెయిను వచ్చిన పొద్దున దాని ముందు చతికిలబడింది నరసమ్మ ముఠా. మగాళ్ళు అప్పుడు టీ కొట్టు దగ్గర నిలబడి ఏం చెయ్యాలా అని ఆలోచిస్తున్నారు. ఆ ఆలోచన తెమిలేసరికి ఆడవాళ్ళు మూడు గంటలు ఎండలో కూచున్నారు. ఆ తర్వాత కమిటీ వచ్చింది. ఫ్లెక్సీ వచ్చింది. కుర్చీలు వచ్చాయి. అబద్ధం ఎందుకూ, షామియానా కూడా వాళ్ళే తెచ్చారు.

పొక్లెయిను మాత్రం రోడ్డుకి అవతల తొండం మడుచుకుని అలాగే నిలబడి ఉంది. ఇంకో తొమ్మిది రోజులు అది అలా ఉంటే చాలు. కాలవలకి నీళ్ళు వదిలేస్తారు, చేలు తడుస్తాయి, ఇక ఈ ఏడు దాన్ని చేలోకి దింపడం ఎవరి తరమూ కాదు. ఈలోగా కలెక్టరాఫీసులో ఇచ్చిన అర్జీ ఏదో ఒకటి తేలుతుంది. అందుకే రోజుకి అయిదుగురు మెడలో బంతిపూల దండలేసుకుని రిలే దీక్షలో కూచుంటున్నారు. సాయంత్రం ఎవరో ఒక పెద్దావిడ నిమ్మరసం ఇస్తుంది, ఆ అయిదుగురూ లేస్తారు, మర్నాడు ఇంకో అయిదుగురు. మిగతావాళ్ళు చుట్టూ కాపలా.

నరసమ్మ లెక్కంతా ఆ తొమ్మిది రోజుల మీదే ఉంది.

ఆ సాయంత్రం ఆవిడ పెరట్లో కాళ్ళు కడుక్కుంటుంటే వెంకట్రాజు మోటారుసైకిలు వచ్చి ఆగింది. వెనక సుందరరామయ్య మాస్టారు. రిటైరైన హెడ్మాస్టరు. కమిటీ కాగితాలన్నీ ఆయన చేతిరాతే. మాస్టారు దిగి, "అమ్మా, శుభవార్త. మీవారు చెబుతారు," అని చేతిసంచీ సర్దుకుని ఇంటికి వెళ్ళిపోయారు.

"ఇదిగో," అన్నాడు వెంకట్రాజు అరుగు మీద కూచుని, "సెటిలైపోయింది. మండలాఫీసులో కూచోబెట్టి మాట్లాడారు. గోపీచంద్ దిగొచ్చాడు. తూర్పుగట్టు నుంచి నలభై మీటర్లు వదిలేసి తవ్వుకుంటాడు. మధ్యలో గట్టి కట్ట వేస్తాడు. మాస్టారు కాగితం రాశారు. అందరం సంతకాలు పెట్టాం."

"అందరం అంటే ఎవరండీ?"

"అందరం అంటే అందరం. కమిటీ."

నరసమ్మ చెంబు గోడ మీద పెట్టింది. "నలభై మీటర్లంటే ఎందాకా వస్తుందండీ?"

"వీరదుర్గా వాళ్ళ చేను దాటి, ఆ తాటిచెట్టు దాకా. నిన్న నేనే దగ్గరుండి టేపు పట్టించాను."

"నిన్నంటే చేను రాయిలా ఉంది కదండీ."

"ఉంటే? టేపుకి తడేంటి, పొడేంటి?"

"తాటిచెట్టు దగ్గర పాత బోదె కాలవ ఉందండీ."

"ఏ బోదె? అది మా నాన్న కాలంలోనే పూడ్చేశారు."

"పూడ్చారు. దేంతో పూడ్చారు, ఇసకతో. ఊడ్పుల్లో అక్కడికొచ్చేసరికి మోకాళ్ళ దాకా దిగబడిపోతాం. పొద్దున్న పెట్టిన నీళ్ళు సాయంత్రానికుండవు. ఆ బోదె వంకర తిరిగి సరాసరి మన చెరువు గట్టు కిందకే పోతుంది. మీరు పైన కట్టెంత ఎత్తు వేస్తే ఏం లాభం, కింద దారుంటే?"

వెంకట్రాజు కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఆవిడ చెప్పింది చెవికెక్కింది, కానీ బుర్రకి ఎక్కనివ్వలేదు. "అదంతా ఇప్పుడెందుకే. పదిమంది పెద్దమనుషుల్లో మాటిచ్చి వచ్చాను. రేపు పదింటికి తహసీల్దారుగారు స్వయంగా వచ్చి నిమ్మరసం ఇస్తారు. రేపు దీక్షలో నువ్వూ ఉన్నావు కదా, మొదటి గ్లాసు నీకే. ఆ కాయలేవో నువ్వే పిండి తీసుకురా. గింజలు పడకుండా చూడు. ఆ మేడంగారి ముందు పరువు పోకూడదు."

నరసమ్మకి ఒళ్ళు మండిపోయింది. పదకొండు రోజులు బరకం మీద కూచుంది తాము. లేవడం ఎప్పుడో చెప్పడానికి మాత్రం తొమ్మిదిమంది ఏసీ గదిలో కూచున్నారు. అక్కడ తనని కూడా ఒక మాట అడగొచ్చని ఈ మనిషికి తోచనే లేదు.

సర్కారు వాళ్ళొచ్చి నిమ్మరసం ఇచ్చారంటే అది ఆ పూట విరమణ కాదు, మొత్తానికే విరమణ. మర్నాడు పేపర్లో ఫోటో పడుతుంది. ఆ తర్వాత మళ్ళీ కూచుంటామంటే కుక్క కూడా ఖాతరు చెయ్యదు. ఆ సంగతి గోపీచంద్‌కి బాగా తెలుసు.

"నేను లేవనంటే?" అంది.

వెంకట్రాజు తల దించుకున్నాడు. "అలా అనకు. మండలాఫీసులో కుర్చీ వేసి నన్ను కూచోమన్నది ఇదే మొదటిసారి. రేపు నా పెళ్ళామే గ్లాసు ముట్టుకోకపోతే నేనింక ఊళ్ళో తలెత్తుకోలేను."

ఆ మాటకి ఆవిడకి జాలేసింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన తన మీద చెయ్యెత్తలేదు, గొంతెత్తలేదు. ఆ కుర్చీ ఆయనకెంతో ఆవిడకి తెలుసు. హన్నమ్మ మనవరాలి వీపు కూడా తెలుసు. కొంగు దోపుకుని పేట వైపు నడిచింది.

తెల్లవారుతూనే ముగ్గురు చేలోకి దిగారు. నరసమ్మ చేతిలో గునపం, హన్నమ్మ చేతిలో పార. మూడో మనిషి వీరదుర్గ, ఆ పక్క చేను వాళ్ళ అత్తవారిదే. ముఠాలో అందరికన్నా చిన్నది, బీకాం చదువుకుంది. ఫోను పట్టుకుని వెనకాల వచ్చింది.

చేను నెర్రెలిచ్చి ఉంది. తాటిచెట్టు దగ్గర నిలబడి నరసమ్మ అటు చూసింది, ఇటు చూసింది. ఎక్కడ చూసినా ఒకటే నల్లమట్టి, ఒకటే మోళ్ళు. ఇరవై అడుగులు నడిచింది. ఏమీ తెలియలేదు.

"ఎక్కడే హన్నమ్మా అది?"

"నీళ్ళుంటే చెప్పేద్దునండీ. ఇలా ఎండబెట్టి అడిగితే నాకేం తెలుస్తాది."

నరసమ్మ కాసేపు ఆలోచించి, గునపం కింద పెట్టింది. గట్టు దగ్గరికి పోయి వెనక్కి తిరిగింది. చీర మోకాళ్ళ పైకి దోపి, నడుం వంచి, ఎడమచేతిలో వరినారు ఆకు కట్ట ఉన్నట్టే పట్టుకుని, కుడిచేత్తో ఉత్తి నేలలో నాటుకుంటూ వెనక్కి అడుగులు వెయ్యడం మొదలెట్టింది. వీరదుర్గ పకపకా నవ్వింది. హన్నమ్మ నవ్వలేదు. పార అక్కడే పడేసి, వచ్చి ఆవిడ కుడిపక్క తన వరసలో వంగింది. ఇద్దరూ ఒకే ఊపున వెనక్కి వెనక్కి వచ్చారు. ముందుకు నడిస్తే తెలియని చేను వెనక్కి నడిస్తే తెలిసింది. ఇక్కడ నత్తగుల్లలు గుచ్చుకునేవి. ఇక్కడ తుంగ. ఇక్కడ పోయినేడు పామొచ్చింది.

ఇద్దరి కాళ్ళూ ఒకేసారి ఆగిపోయాయి.

"ఇక్కడే," అన్నారు ఇద్దరూ.

గునపం దించారు. మోకాలి లోతు వరకూ నల్లమట్టి పెచ్చులు పెచ్చులుగా లేచింది. వంతులేసుకుని తవ్వారు. ఆ కింద రంగు మారింది. ఇసక. ఇంకో మూరెడు దిగేసరికి ఆ ఇసక చేతికి చల్లగా తగిలింది. నరసమ్మ గుప్పెడు తీసి పిండింది. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారాయి. మే నెలలో, బీటలు వారిన చేలో, నీళ్ళు. మొహం దగ్గర పెట్టుకుంటే అదే చేపల మేత వాసన.

"మన చెరువు నీళ్ళు ఇందాకా వస్తున్నాయన్నమాట," అంది వీరదుర్గ, నవ్వు మానేసి.

"అటునుంచి ఇటు వచ్చిన నీళ్ళు ఇటునుంచి అటు పోవా?" అంది నరసమ్మ. "వాడిక్కడ తవ్వితే, వాడి చెరువు కడుగు నీళ్ళన్నీ మనింట్లో బిందెలోకే."

వీరదుర్గ ఫోటోలు తీసింది. హన్నమ్మ తడి ఇసక ఒక కేరేజీ గిన్నెలోకి ఎత్తింది. నరసమ్మ ఇంటికెళ్ళి నిమ్మకాయలు పిండింది. ఒక్క గింజ పడలేదు.

నరసమ్మ ముఠాలో ఒక కట్టు ఉంది. మడి నిండేదాకా ఎవరూ గట్టెక్కకూడదు. ఒకరు వెనకబడితే అటూ ఇటూ వాళ్ళు ఆమె వరస కూడా పూడుస్తారు గానీ, ఆమెని వదిలేసి ఎక్కరు. వానొచ్చినా అంతే. రైతొచ్చి ఇవాళ్టికి చాలు లేవండమ్మా అన్నా అంతే. రాత్రి పేటలోనూ, పొద్దున్న చెరువు గట్టు మీదా నరసమ్మ అందరికీ చెప్పింది ఒక్కటే మాట. "మడి నిండలేదు." అంతకన్నా విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది.

పదింటికి జీపు వచ్చింది. తహసీల్దారు జయశ్రీకి నలభై ఏళ్ళుంటాయి. కాటన్ చీర, మొహం నిండా చెమట. ఇంకో రెండు ఊళ్ళు తిరగాల్సిన మనిషిలా గడియారం చూసుకుంటూ దిగింది. కమిటీవారు తొమ్మిదిమందీ ఇస్త్రీ చొక్కాలతో ఎదురెళ్ళారు. గోపీచంద్ పొక్లెయిను పక్కన కారులోంచి దిగి, చేతులు కట్టుకుని వినయంగా నిలబడ్డాడు. సుందరరామయ్య మాస్టారు రెండు నిమిషాలు మాట్లాడతానని పది నిమిషాలు మాట్లాడారు. మహిళల త్యాగం మరువలేనిదన్నారు. మహిళలు బరకాల మీద కూచుని విన్నారు.

"రండమ్మా," అంది జయశ్రీ గ్లాసు అందిస్తూ. "చాలా రోజులు కష్టపడ్డారు. ఇక తీసుకోండి."

పేపరు విలేకరి ఫోను పైకెత్తాడు. వెంకట్రాజు నవ్వాడు, అచ్చం ఫ్లెక్సీ మీద నవ్వినట్టే.

నరసమ్మ రెండు చేతులా గ్లాసు అందుకుంది. ఆయన వైపు ఒకసారి చూసింది. ఆ చూపు ఆయనకి అర్థమైంది కాబోలు, నవ్వు సగంలో ఆగింది.

ఆవిడ గ్లాసు నోటి దగ్గరికి తీసుకోలేదు. కుడిపక్కకి తిరిగి హన్నమ్మకిచ్చింది. హన్నమ్మ ఆకు కట్ట అందుకున్నట్టే అందుకుని తన పక్కావిడకిచ్చింది. ఆమె వీరదుర్గకిచ్చింది. గ్లాసు బరకం అంచు దాకా పోయి, రెండో వరసలోకి మళ్ళింది. ఎవరూ తొందరపడలేదు. ఒలకకుండా పట్టుకుని, పక్కకి అందించి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. విలేకరి ఫోను దించాడు, మళ్ళీ ఎత్తాడు. మూడో వరస, నాలుగో వరస. నలభై జతల చేతులు తిరిగి గ్లాసు మళ్ళీ నరసమ్మ దగ్గరికి వచ్చింది. నిండుగానే ఉంది. ఆవిడ లేచి దాన్ని జయశ్రీ పక్కనున్న కుర్చీ మీద పెట్టి, వెనక్కొచ్చి కూచుంది.

"ఏంటమ్మా ఇది?" అంది జయశ్రీ. కోపం లేదు గానీ అలసట ఉంది. "ఒప్పందం అయిపోయింది కదా. మీ కమిటీవారే సంతకాలు పెట్టారు."

"ఏం పెట్టారో మాకు తెలియదండి. ఆ కాగితం ఇక్కడ చదివించండి."

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, అదంతా సాంకేతికమైన భాష..."

"మేం నిదానంగా వింటాం మాస్టారూ. మాకేం పనుందీ," అంది హన్నమ్మ.

మాస్టారు చదివారు. తూర్పుగట్టు నుంచి నలభై మీటర్లు అన్న మాట రాగానే నరసమ్మ కేరేజీ గిన్నె మూత తీసింది. "ఇది ఆ నలభై మీటర్లకి అవతల ఇసకండి. పొద్దున్న తవ్వాం. ఇంకా తడారలేదు. వాసన చూడండి."

జయశ్రీ గిన్నె అందుకుంది. వంగి వాసన చూసింది. మొహం చిట్లించింది.

గోపీచంద్ రెండడుగులు ముందుకొచ్చాడు. "మేడం, వాళ్ళేదో తెచ్చి చూపిస్తే ఎలాగండీ? పేపరుంది. కమిటీ సంతకాలున్నాయి."

జయశ్రీ తల ఎత్తి ఫ్లెక్సీ చూసింది. తొమ్మిది మొహాలనీ ఎడమ నుంచి కుడికి చూసింది. తర్వాత బరకాల వైపు చూసింది. "కమిటీలో వీళ్ళెవరూ లేరేంటండీ?" అని వెంకట్రాజుని అడిగింది. ఆయన మాస్టారి వైపు చూశాడు. ఆవిడ గడియారం చూసుకోవడం మానేసి, "ఎక్కడ తవ్వారో చూపించండి," అంది.

అందరూ చేలోకి నడిచారు. జయశ్రీ చెప్పులు నెర్రెల్లో ఇరుక్కుంటే విప్పి చేత పట్టుకుంది. పొద్దున్న తవ్విన గోతిలో అప్పటికి జానెడు లోతు నీళ్ళు ఊరి ఉన్నాయి. జీపులో వచ్చిన వీఆర్వో టేపు పట్టాడు. చెరువు గట్టు నుంచి నలభై మూడు మీటర్లు. వెంకట్రాజు గోతి దగ్గర గొంతుక్కూచున్నాడు. చెయ్యి పెట్టి ఇసక తీశాడు, పిండాడు, వాసన చూశాడు.

"ఇక్కడ బోదె ఉందని రాత్రే చెప్పిందండి మా ఆవిడ," అన్నాడు చివరికి, తల ఎత్తకుండా. "మేం పైపైన కొలిచేశాం."

ఆ మాట అనడానికి ఆయనకెంత కష్టమైందో నరసమ్మకి తెలుసు. ముప్పై ఏళ్ళలో ఆయన మీద అంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదావిడకి.

జయశ్రీ జీపు బానెట్ మీద కాగితం పెట్టి రాసింది. భూగర్భ జలాల శాఖ వచ్చి పరీక్ష చేసేదాకా తూర్పువైపు ఎక్కడా పార దించకూడదు. పాత ఒప్పందం చెల్లదు. రాసి, పెన్ను ఎవరికివ్వాలా అని చూసింది. అలవాటు కొద్దీ మాస్టారు చెయ్యి చాచారు. ఆవిడ ఆయన్ని దాటుకుని వచ్చి నరసమ్మకిచ్చింది. నరసమ్మ ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ పేరంతా రాసింది. తర్వాత హన్నమ్మ, వీరదుర్గ. తర్వాత మిగతావాళ్ళు. కాగితం వెనక్కి తిప్పారు, అదీ నిండింది. మాస్టారు తన చేతిసంచీలోంచి ఇంకో తెల్లకాగితం తీసి ఇచ్చారు. గోపీచంద్ కారు ఎప్పుడు వెళ్ళిపోయిందో ఎవరూ చూడలేదు.

జీపు వెళ్ళాక అందరూ షామియానా కిందకి వచ్చేసరికి పన్నెండు దాటింది. ఆడవాళ్ళు వచ్చి మళ్ళీ ఎవరి చోట వాళ్ళు కూచున్నారు. దీక్షలో ఉన్న అయిదుగురూ దండలు సర్దుకున్నారు. వెంకట్రాజు కుర్చీ పక్కన నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా చెమటకి వీపుకి అతుక్కుపోయింది. గ్లాసు కుర్చీ మీద అలాగే ఉంది. ఆయన దాని వైపు చూశాడు. ఎండలోంచి వచ్చిన మనిషి, నోరు పిడచకట్టుకుపోయింది. గ్లాసు ఎత్తి గడగడా తాగేశాడు.

"కమిటీవారి దీక్ష విరమణ అయిపోయిందండోయ్," అంది హన్నమ్మ.

నలభై మందీ ఒక్కసారి నవ్వారు. ఆయన మూతి తుడుచుకుని, కోప్పడాలో నవ్వాలో తెలియక కాసేపు తబ్బిబ్బయి, ఆఖరికి తనూ నవ్వాడు. ఫ్లెక్సీ మీది నవ్వు కాదది.

"ఆర్డరొచ్చేసింది కదే. ఇంకెందుకు కూచోవడం, లే," అన్నాడు నరసమ్మతో.

"పరీక్షయ్యేదాకానే కదండీ ఆర్డరు. ఆ పరీక్ష రేపే అయిపోయినట్టు కాగితం పుట్టించలేడా ఆ గోపీచంద్? పొక్లెయిను ఇంకా అక్కడే ఉంది చూడండి. కాలవలకి నీళ్ళొచ్చేదాకా లేవం. మడి నిండలేదు."

ఆయన పొక్లెయిను వైపు చూశాడు. "మరి నన్నేం చెయ్యమంటావు?" అని అడిగాడు.

"సాయంత్రం అయిదుగురికి నిమ్మరసం కావాలి. కాయలు అయిపోయాయి, వెళ్ళి తీసుకురండి. ఈసారి పిండడం కూడా మీరే. గింజలు పడకుండా చూసుకోండి."

వెంకట్రాజు కండువా భుజాన వేసుకుని, మాస్టారి దగ్గర చేతిసంచీ అడిగి తీసుకుని, నిమ్మకాయల కోసం ఎండలో బజారు వైపు నడిచాడు.